పళ్లెం మోతకు తిరగని పిల్ల

మద్దిలపాలెం బస్సు డిపోకి నాలుగు వీధుల వెనక, గురునాథరావు మేస్టారి ఇంట్లో వీధివైపు రెండు గదులూ బడి. వెనక రెండు గదుల్లో ఆయన సంసారం. వాటి వెనక పెరడు, పెరట్లో గిలక నుయ్యి. మేస్టారు హైస్కూల్లో హెడ్మాస్టరు పని చేసి రిటైరయ్యారు. మనవరాలు తాయారు పుట్టుచెవిటిదని తెలిశాక, ఆ పిల్లని చేర్చుకునే బడి కోసం ఏడాది తిరిగి తిరిగి, చివరికి తానే ఒకటి పెట్టేశారు. మొదటి ఏడు తాయారు ఒక్కతే విద్యార్థిని. పంతొమ్మిది వందల ఎనభై మూడు నాటికి పంతొమ్మిది మంది.

ప్రేమలీల ఆ బడికి వచ్చి అప్పటికి ఆరేళ్లు. జ్ఞానాపురం పిల్ల. బీఎస్సీ అయ్యాక బీయెడ్ చేసి, వేరే ఉద్యోగం దొరికేదాకా అనుకుని వచ్చింది. దొరికిన ఉద్యోగాలు రెండు వదిలేసి అక్కడే ఉండిపోయింది. పిల్లవాడి పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని ‘ప’ అనిపించడం, కాగితం కదిలితే ‘ప’ వచ్చినట్టు. వాడి చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని ‘గ’ అనడం, వేళ్లకి అదురు తెలిస్తే ఆ అదురుని వాడి గొంతులో వెతికించడం. ఒక్క అక్షరానికి ఒక్కోసారి నెల పట్టేది. ఆ నెలాఖరున ఆ అక్షరం పలికిందంటే, ఆ సాయంత్రం బస్సులో నిలబడి జ్ఞానాపురం వెళ్తున్నా కాళ్లు నొప్పెట్టేవి కావు.

ఆమె తండ్రి ఫ్రాన్సిస్ పోర్టులో సిగ్నల్‌మన్. ఓడ కడుపులోని గోతుల్లో సరుకు కట్టేవాళ్లకి, పైన దాన్ని ఎత్తే విన్చి యంత్రం తిప్పేవాడు కనపడడు, విన్చి తిప్పేవాడికి కిందివాళ్లు కనపడరు. ఇద్దరికీ కనపడేలా అంచున నిలబడి, చేతుల సైగలతో సరుకు ఎత్తించడమూ దింపించడమూ ఆయన పని. చూపుడువేలు ఆకాశానికి పెట్టి గిర్రున తిప్పితే ఎత్తమని, దానికి నోటితో ‘హబీస్’ అనేవాడు. అరచెయ్యి నేలవైపు పెట్టి మెల్లగా అణిస్తే దింపమని, దానికి ‘ఆర్యా’ అనేవాడు. విన్చిల మోతలో ఆ కేక ఎవరికీ వినపడదు, సైగ ఒక్కటి చాలు. అయినా ముప్పై ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆయన చెయ్యి ఆడించి నోరు ఊరుకోలేదు. ఆ మోతకి ఆయన చెవులు సగం పోయాయి. కిందటి ఏడే రిటైరయ్యాడు.

ఆ మార్చి నెలలో ప్రేమలీలకి దూరపు రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి దరఖాస్తు కాగితం వచ్చింది. మామూలు పిల్లల్లా చదవలేని పిల్లలకి చదువు చెప్పే విద్యలో రెండేళ్ల ఎమ్మెడ్. అప్పట్లో అలాంటి చదువు ఉందని తెలిసినవాళ్లే తక్కువ. మేస్టారికి ఎవరో చెబితే ఆయనే ఉత్తరం రాసి తెప్పించారు. మూడో పేజీలో మూడు గడులు. చూపు, వినికిడి, బుద్ధిమాంద్యం. ఒక్క గడిలోనే గీత పెట్టాలి. పెట్టాక మార్చుకోడానికి వీల్లేదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఏప్రిల్ ముప్పయ్యోతేదీలోగా పోస్టు చెయ్యాలి.

ఏ గడి అన్న ప్రశ్నే ఎవరికీ తోచలేదు. మేస్టారు తన పాత టైపు మిషను మీద సిఫార్సు ఉత్తరం కొట్టి సంతకం కూడా పెట్టేశారు. ప్రేమలీల వినికిడి శాఖలో చదివి వస్తుంది, వచ్చాక బడి ఆమె చేతుల్లో పెడతాను అని అందులో ఉంది.

“నాకు అరవై అయిదు నిండుతున్నాయమ్మాయ్. తాయారుకి పద్నాలుగు. నువ్వు వచ్చేసరికి పదహారు. ఈ బడిలో నేను చెప్పేదంతా పుస్తకాలు చూసి నేర్చుకున్నదే. సరిగ్గా చదువుకున్నవాళ్లు ఒక్కరైనా దాని చెయ్యి పట్టుకోవాలని నా ఆశ” అన్నారు.

ఇంట్లో తల్లి పుష్పకుమారికి మాత్రం వేరే ఆశ ఉంది.

“ఉక్కు ఫేక్టరీ కడతన్నారు గదే. క్వార్టర్సు కడతన్నారు. క్వార్టర్సులుంటే పిల్లలుంటారు, పిల్లలుంటే బడులుంటాయి. ఇక్కడే యూనివర్సిటీలో మామూలు ఎమ్మెడ్డు సేసుకుంటే ఇంటికాడ నుంచి ఎల్లొచ్చు. రైలెక్కి రెండేళ్లు పోడవేటి?”

“మామూలు పిల్లలకి చెప్పేవాళ్లు బోల్డుమంది ఉన్నారమ్మా.”

“నీకు మామూలుదేదీ నచ్చదు. మీ నాన పోలిక.”

ఫ్రాన్సిస్ అటు తిరిగి, “ఏటంటాది?” అన్నాడు.

“నీ పోలికంటన్నాను.”

“మంచిదే గదా” అని ఆయన టిఫిన్ కేరియరు సర్దుకున్నాడు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, కూతురికి మధ్యాహ్నం అన్నం తానే బస్సులో తీసుకొస్తాననేవాడు. పొద్దున్న కట్టిస్తే ఆమే పట్టుకెళ్తుంది గదా అంటే, సల్లారిపోతాదనేవాడు. అసలు సంగతి అందరికీ తెలుసు. ఆ బడిలో పిల్లలకి ఆయనంటే ప్రాణం.

తరగతిలో చేతులు కట్టుకోవాలన్నది మేస్టారి నియమం. చేతులు మాట్లాడితే నోరు బద్ధకిస్తుందని ఆయన చదివిన పుస్తకాల్లో ఉంది. పిల్లలు పొద్దుటినించీ మోచేతులు పట్టుకుని పెదాలు చూసి చూసి అలిసిపోయేవారు. అన్నాలు తిన్నాక పెరట్లోకి రాగానే ఫ్రాన్సిస్ నూతి పక్క చప్టా మీద నిలబడేవాడు. ఇద్దరు పిల్లలు చేంతాడు పట్టుకునేవారు. ఆయన వేలు తిప్పితే బకెట్టు పైకి, అరచెయ్యి దించితే కిందికి, పిడికిలి బిగిస్తే ఆగిపోవాలి. అలా పెరట్లో కనకాంబరాలకీ ములగచెట్టుకీ నీళ్లు తోడడం వాళ్లకి ఆట. బకెట్టు అంచు దాకా వచ్చి ఒక్క చుక్క తొణకకుండా ఆగితే, ఓడ ఖాళీ చేసినంత సంబరం.

“ఫ్రాన్సిస్ గారూ, మేం పొద్దున్నుంచీ చేతులు కట్టిస్తాం. మీరొచ్చి అరగంటలో విప్పేస్తారు” అనేవారు మేస్టారు కిటికీలోంచి.

“బువ్వ తిన్నాక సేతులు కట్టుకుంటే అరగదు మేస్టారూ.”

మేస్టారు కిటికీ మూసేవారు గానీ కాదనేవారు కాదు. తాయారు అందరికన్నా ముందు తాడు పట్టుకునేది మరి.

పైడితల్లి ఆ ఆటలోకి వచ్చేది కాదు. పదేళ్ల పిల్ల. భీమునిపట్నం దగ్గర చేపలవాళ్ల పేట నుంచి రెండేళ్ల కిందట తల్లి తీసుకొచ్చి చేర్చింది. మద్దిలపాలెంలోనే మేనత్త ఇంట్లో ఉంటోంది. మాట లేదు. పిలిస్తే తిరగదు. చేర్చుకునేటప్పుడు మేస్టారు అందరికీ చేసే పరీక్షే ఆ పిల్లకీ చేశారు. వెనక నిలబడి సత్తు పళ్లెం మీద గరిటెతో గట్టిగా కొట్టారు. వినపడే పిల్లయితే ఉలిక్కిపడి తిరుగుతుంది. పైడితల్లి తిరగలేదు, రెప్ప కూడా వెయ్యలేదు. పూర్తి చెవుడు అని రిజిస్టరులో రాశారు. ప్రేమలీల రెండేళ్లుగా ఆ పిల్ల పెదాల ముందు కాగితం పట్టుకుంటూనే ఉంది. కాగితం కదిలింది లేదు. తోటి పిల్లలు పెదాలు చూసి యాభై మాటలు పట్టుకుంటే, పైడితల్లి ప్రేమలీల చెవి రింగు కేసి చూస్తూ కూర్చునేది. లోపం తనలోనే ఉందనీ, సరైన చదువు చదివి వస్తే ఈ పిల్లచేత కూడా మాట్లాడించవచ్చనీ ఆమె అనుకునేది. ఆ దరఖాస్తు కాగితం చూసినప్పుడు మొదట గుర్తొచ్చిన మొహం కూడా పైడితల్లిదే.

ఈస్టరు వెళ్లిన వారంలో ఒక మధ్యాహ్నం పిల్లలంతా ములగచెట్టు కింద జామకాయ ముక్కలు పంచుకుంటున్నారు. నూతి దగ్గర ఎవరూ లేరు. పైడితల్లి వెళ్లి, ఎవరో సగం తోడి గుంజకి చుట్టి వదిలేసిన తాడు విప్పి పట్టుకుని నిలబడింది. గట్టు మీదుగా లోపలి నీళ్ల కేసి చూస్తోంది. వీపు అందరివైపూ ఉంది. ప్రేమలీల గిన్నెలు కడుగుతూ చూసి, పిల్ల జారుతుందేమోనని లేవబోయింది. అంతలో ఫ్రాన్సిస్ చప్టా మీద నుంచే, అలవాటు కొద్దీ అరచెయ్యి కిందికి పెట్టి, “ఆర్యా... ఆర్యా...” అన్నాడు.

పైడితల్లి తాడు వదలడం మొదలుపెట్టింది. ఒక చేతి తరవాత ఒక చెయ్యి మార్చుకుంటూ, మెల్లగా, పద్ధతిగా దించుతోంది. తల తిప్పలేదు. ఆయన చెయ్యి చూడలేదు.

ప్రేమలీల తడిచేతులతోనే తండ్రి దగ్గరికి వచ్చింది. “నాన్నా, మళ్లీ అను.”

“ఏటి?”

“మళ్లీ అనమంటున్నాను. చెయ్యి ఎత్తకు. నోటితో అను.”

“సెయ్యెత్తకుండా ఎలగంటాను?”

ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆయన ఇబ్బందిగా నవ్వి, “హబీస్” అన్నాడు. నూతి గిలక కిర్రుమంది. బకెట్టు పైకి రావడం మొదలైంది. “ఆర్యా” అన్నాడు. దిగింది. “హబీస్.” ఎక్కింది.

“సూసేవా, ఎంత బాగా సేత్తందో” అన్నాడాయన. ఆయనకి ఇందులో వింతేమీ కనిపించలేదు. సిగ్నల్ ఇచ్చాడు, సరుకు కదిలింది.

“ఆ పిల్ల చెవిటిది నాన్నా.”

“ఎవులు సెప్పేరు?” అన్నాడు ఫ్రాన్సిస్.

ప్రేమలీల లోపలికి వెళ్లి సత్తు పళ్లెమూ గరిటే తెచ్చింది. పిల్ల వెనక నిలబడి కొట్టింది. కాకులు ఎగిరిపోయాయి. ఫ్రాన్సిస్ అంతటివాడు కూడా మొహం చిట్లించాడు. పైడితల్లి మాత్రం నీళ్ల కేసే చూస్తూ ఉంది.

మేస్టారికి అప్పుడే చెప్పలేదు. ఆదివారం పూజ అయ్యాక, చర్చికి కట్టుకున్న చీరతోనే ఆమె భీమిలి బస్సెక్కింది. పేట దగ్గర దిగి ఇసకలో నడుస్తుంటే మోత వినపడింది. ఎండలో పరిచిన నెత్తళ్ల చేపలు వెండి చాపలా మెరుస్తున్నాయి. వాటి పక్కన కొబ్బరాకు నీడలో పైడితల్లి తల్లి నూకాలమ్మ కూర్చుని, కాకులు వాలకుండా సత్తు పళ్లెం మీద కర్రతో కొడుతోంది. ఎవరితోనో మాట్లాడుతూ కొడుతోంది. మాట ఆపినా మోత ఆపడం లేదు. ఆ పక్కనే చీర ఉయ్యాల్లో పసిపాప ఒకటి ఆ మోతలోనే ఆదమరిచి నిద్రపోతోంది.

ప్రేమలీల ఆ ఉయ్యాల కేసి చాలాసేపు చూసింది.

“పైడి కూడా ఇందులోనే పడుకునేదా?”

“ఇంకెక్కడ పడుకుంటాదమ్మా. పుట్టిన పదోనాటి నుంచి ఇక్కడే.”

“దానికి వినపడదని మాతో ఎందుకు చెప్పావు?”

నూకాలమ్మ చెయ్యి ఆగింది. రెండు కాకులు వాలాయి. “ఇనపడదని నానెప్పుడు సెప్పేనమ్మా? మాట నేదని సెప్పేను. మేస్టారే సెవుడన్నారు. ఒక్కోపాలి ఇంటాది, ఒక్కోపాలి ఇనదు, మరి అదీ సెవుడేనేమో అనుకున్నాం. పెద్దోలు, పుస్తకంలో రాసీసేరు. కాదంటానికి నానెవర్ని?”

ముసలాయన ఒకడు పడవ నీడలోంచి లేచి వచ్చాడు. పైడితల్లి తాత చలమయ్య. పూర్వం భీమిలి రేవులో దూరంగా ఆగిన ఓడల దగ్గరికి సరుకు పడవలు నడిపినవాడు. మనవరాలి సంగతి అడగ్గానే ఆయన మొహం విప్పారింది.

“నూతికాడికి ఎప్పుడూ నాతోనే వచ్చీదమ్మా. నాను హబీస్ అంటే లాగీది, ఆర్యా అంటే దించీది. బకీటు నిండిందో నేదో సూడదు. నోట్లో మాట పడితే సేసీది, నేపోతే అలాగే నిలబడిపోద్ది. కొంచెం మందం, అంతే. మంచి పిల్ల.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రేమలీల ఆ రెండేళ్లూ నెమరువేసుకుంది. తమ బడిలో పిల్లల్ని ఎవరూ నోటితో పిలవరు. భుజం తడతారు, లేదా కాలితో నేల మీద తడతారు. చెవిటి పిల్లల్ని పిలిచే మర్యాద అది. అందువల్ల ఆ రెండేళ్లలో పైడితల్లిని వెనక నుంచి పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. వినగలిగిన పిల్లకి వినడానికి ఏమీ ఇవ్వకుండా, పెదాలు చూపించి కూర్చోబెట్టారు. ఆమెకి ఏడుపు రాలేదు. చెయ్యవలసిన పని ఏదో చాలాసేపటి నుంచి పక్కనే కూర్చుని ఎదురుచూస్తున్నట్టు మాత్రం అనిపించింది.

సోమవారం పొద్దున్న బడి మొదలవక ముందే మేస్టారికి చెప్పింది. ఆయన నమ్మలేదు. పైడితల్లిని గదిలో గోడవైపు నిలబెట్టి, తాను గుమ్మం దగ్గర నిలబడి, ముప్పై ఏళ్లు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పిన గొంతుతో, “ఆర్యా” అన్నారు.

పిల్ల తిరిగి ఆయన చేతుల కేసి చూసింది. తాడు ఎక్కడుందా అని నేలంతా వెతుక్కుంది.

మేస్టారు కుర్చీలో కూర్చున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు.

రెండో టీచరు సూర్యకాంతమ్మ అంతా విని, “పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసింది కదండీ. ప్రేమలీల వినికిడి చదువే చదవాలన్నదానికి ఇంతకన్నా ఏం కావాలి? చెవులు సరిగ్గా పరీక్షించడం నేర్చుకొస్తే మళ్లీ ఇలాంటిది జరగదు” అంది.

ఆ మాటలో తప్పులేదు. ప్రేమలీల వారం రోజులు దాన్నే పట్టుకుని ఆలోచించింది. కాగితం బల్ల సొరుగులోంచి తీస్తుంది, మూడో పేజీ చూస్తుంది, మళ్లీ లోపల పెడుతుంది. పరీక్ష సరిగ్గానే చేశామనుకుందాం. ఈ పిల్ల చెవులు బాగున్నాయని మొదటి రోజే తేల్చామనుకుందాం. అప్పుడు నూకాలమ్మకి ఏం చెప్పేవాళ్లం? ఇది చెవిటి పిల్లల బడి, మీ పిల్లకి ఇక్కడ చోటు లేదు, తీసుకుపొమ్మని చెప్పేవాళ్లం. ఎక్కడికి? ఆమెకి తెలిసినంతలో ఆ ఊళ్లో బుద్ధి మందంగా ఉన్న పిల్లలకి ఒక్క గది కూడా లేదు. పొరపాటు జరగబట్టే పైడితల్లికి రెండేళ్లు ఒక బెంచీ మీద చోటు దొరికింది. ఈ ఆలోచన వచ్చిన చోటే ఆమె మనసు ఆగిపోయేది. ఆగిన చోట కాసేపటికి నెమ్మదిగా కూడా ఉండేది.

ఇరవై మూడో తేదీ సాయంత్రం పిల్లలు వెళ్లాక ఆమె మేస్టారి గదిలోకి వెళ్లి నిలబడింది.

“మేస్టారూ, నేను మూడో గడిలో గీత పెడతానండి.”

ఆయన తలెత్తలేదు. “నేను ఉత్తరం రాసిచ్చేశాను.”

“తెలుసండి. అందుకే మిమ్మల్ని అడగడానికి వచ్చాను. వేరే ఉత్తరం కావాలి.”

“మరి మా తాయారుకి?”

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. బస్సులో, చర్చిలో, అన్నం తింటూ దానికి రకరకాల జవాబులు అనుకుంది. తీరా ఇప్పుడు ఒక్కటే నోటికొచ్చింది. “తాయారుకి మీరున్నారండి. పైడితల్లికి ఎవరూ లేరు.”

“నేనెన్నాళ్లుంటాను?” అన్నారాయన. గొంతులో కోపం లేదు, అదే ఆమెకి కష్టంగా తోచింది. “వెళ్లు. చీకటి పడుతోంది. బస్సు దొరకదు.”

మూడు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. తరగతులు జరిగాయి, పిల్లలు చేతులు కట్టుకున్నారు, ఫ్రాన్సిస్ కేరియరు తెచ్చాడు. ఇంట్లో పుష్పకుమారి సంగతి విని, “రెండో గడయితే వచ్చాక బడైనా ఉండును. మూడో గడికి వచ్చాక ఏటుంటాది?” అంది.  ఫ్రాన్సిస్ సగమే విని, “మూడోది మంచిదే” అన్నాడు. ఎందుకని భార్య అడిగితే, “మొదటి రెండు గోతులూ ఎప్పుడూ రద్దీ. మూడో గోతికి కూలీల గేంగు దొరకదు. ఎవులో ఒకరు ఎల్లాల గదా” అన్నాడు. ఆయన ఓడ గురించి మాట్లాడుతున్నాడో కాగితం గురించి మాట్లాడుతున్నాడో తల్లీకూతుళ్లు తేల్చుకోలేకపోయారు.

నాలుగో రోజు మధ్యాహ్నం మేస్టారు కిటికీ దగ్గర నిలబడి పెరట్లోకి చూస్తున్నారు. నూతి దగ్గర ఒకే తాడు పట్టుకుని ముందు తాయారు, వెనక పైడితల్లి. ఫ్రాన్సిస్ చెయ్యి తిప్పుతూ కేక వేస్తున్నాడు. తాయారు చేతిని చూసి లాగుతోంది. పైడితల్లి కేక విని లాగుతోంది. బకెట్టు ఒక్కటే, తిన్నగా పైకి వస్తోంది.  ఆ రోజు ఆయన కిటికీ మూయలేదు.

సాయంత్రం టైపు మిషను చప్పుడు బస్సు డిపో దాకా వినపడేలా మోగింది. మర్నాడు పొద్దున్న ప్రేమలీల బల్ల మీద కవరు ఉంది. అంటించలేదు, చదువుకోమనే. ప్రేమలీల గురించి నాలుగు మంచి మాటలయ్యాక ఆయన ఇలా రాశారు. మా బడిలో వినగల పిల్లని చెవిటిదని చేర్చుకుని రెండేళ్లు ఉంచాం. ఆ పిల్లకి పుట్టినప్పటి నుంచి పళ్లెం మోతే జోలపాట అని తెలుసుకోకుండా పళ్లెం మోతతో పరీక్ష చేసినవాణ్ని నేను. ఆ తప్పు కనిపెట్టినది ఈ అమ్మాయి. కనిపెట్టి ఊరుకోక, ఆ పిల్ల కోసం మీ మూడో శాఖ అడుగుతోంది. తిరిగి వచ్చాక పని చేయడానికి గది ఇవ్వగలనని హామీ ఇస్తున్నాను.

ప్రేమలీల కవరు పట్టుకుని వెళ్లింది. ఆయన హాజరు పట్టీ రాసుకుంటున్నారు.

“మేస్టారూ, గది ఎక్కడిదండి?”

“మా వంటింటి వసారా. మా ఆవిడతో మాట్లాడాను. పొయ్యి లోపలికి జరుపుకుంటుందిట.” హాజరు పట్టీ మూసి, “సత్తు పళ్లెం కూడా ఆవిడకే ఇచ్చేశాను. ఇంక అది అప్పడాలు పెట్టుకోడానికే” అన్నారు.

గీత ఆ పూటే పెట్టింది. సిరా పెన్నుతో, గడి బయటికి రాకుండా. డిపో ఎదురుగా పోస్టాఫీసులో రిజిస్టరు చేయించి, రసీదు బైబిల్లో పెట్టుకుంది.

రెండేళ్లు గడిచాయి. హాస్టలులో సాంబారు, తెలియని భాషలో పిల్లల ఏడుపులు, పుష్పకుమారి పంపే ఎండు నెత్తళ్ల పొట్లాలు, తొమ్మిది మంది క్లాసులో నాలుగో ర్యాంకు. ఎనభై అయిదు జూన్‌లో ఆమె తిరిగొచ్చేసరికి వసారాకి సున్నం వేసి ఉంది. మొదటి రోజు పిల్లలు అయిదుగురు. మేస్టారు కొత్త రిజిస్టరు ఒకటి తెరిచి, బడంతటికీ వర్తించేలా ఒక కొత్త గడి గీశారు. పరీక్ష కన్నా ముందు ఆ గడి నింపాలి. ఇంట్లో ఈ పిల్ల ఏ మాటకి కదులుతుంది? తల్లులు మొదట తెల్లబోయేవారు, తరవాత నవ్వేవారు, ఆ తరవాత చెప్పేవారు. దువ్వాడ నుంచి వచ్చిన పిల్ల రైలు పేరు చెబితే లేస్తుంది. గాజువాక పిల్లవాడు ‘రైట్ రైట్’ అంటే నడుస్తాడు, వాళ్ల నాన్న కండక్టరు. ఒక అమ్మాయి దేనికీ కదలదుట. ఆ గడి ఖాళీగా ఉంచి, కింద పెన్సిలుతో ‘వెతకాలి’ అని రాశారు మేస్టారు.

తాయారు పదహారేళ్లది. వసారాలో సాయం చేయడానికి తానే వచ్చి నిలబడింది. ఆ పిల్లలకి మాటతో పాటు సైగ చూపిస్తే తొందరగా పట్టుకుంటున్నారని ప్రేమలీల గమనించి మేస్టారికి చెప్పింది. “వసారాలో మీ ఇష్టం. వీధి గదుల్లో మాత్రం చేతులు కట్టాల్సిందే” అన్నారాయన. నెల తిరక్కుండానే వీధి గదుల్లో కూడా కట్టడం సడలింది. ఎవరు సడలించారో ఎవరూ అడగలేదు.

పైడితల్లికి పన్నెండేళ్లు వచ్చాయి. ప్రేమలీల లేని రెండేళ్లూ సూర్యకాంతమ్మ ఆ పిల్లని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది, రోజుకి నూరుసార్లయినా. ఇప్పుడు ఓ పాతిక మాటలున్నాయి, సగం భీమిలివి, సగం మద్దిలపాలెంవి. నూతి దగ్గర పని ఆ పిల్లదే. ఫ్రాన్సిస్‌కి చెవులు ఇంకా తగ్గాయి గానీ కేరియరు తేవడం తగ్గలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆయన చప్టా మీద నిలబడి వేలు తిప్పి, “హబీస్” అన్నాడు. పైడితల్లి కదల్లేదు. ఆయన మళ్లీ అన్నాడు. పిల్ల తాడు పట్టుకుని గట్టు మీదుగా నూతిలోకి చూస్తోంది. గిన్నెలు కడుగుతున్న ప్రేమలీల చెయ్యి ఆగింది. మళ్లీ మొదటికొచ్చిందా అనుకుంది.

“ఏటే, ఇనపడనేదా?” అన్నాడు ఫ్రాన్సిస్.

పైడితల్లి తల తిప్పి ఆయనకేసి చూసింది. “నిండనేదు తాతా” అంది. మళ్లీ లోపలికి చూసింది. నీళ్లలో బకెట్టు మునిగిన చప్పుడు వినిపించేదాకా ఆగి, అప్పుడు లాగడం మొదలుపెట్టింది.

“ఏటంది?” అన్నాడు ఫ్రాన్సిస్ కూతురితో.

“నిండలేదంది నాన్నా.”

“మరయితే ఆగాల్సిందే” అని ఆయన ఎత్తిన చెయ్యి దించుకుని, చప్టా మీద కూర్చున్నాడు.